మాణిక్యదేవుడి కొలనుపాక

హైదరాబాద్ నుంచి వరంగల్ దారిలో 80 కిలోమీటర్లు వెళ్తే ఆలేరు వస్తుంది. అక్కడి నుంచి పక్కకు తిరిగితే ఆరేడు కిలోమీటర్లలో కొలనుపాక. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఇప్పుడిది ఓ మాదిరి పల్లె. గుజరాత్ నుంచో రాజస్థాన్ నుంచో వచ్చే జైన యాత్రికుడికి మాత్రం ఇది కుల్పాక్‌జీ, జీవితంలో ఒక్కసారైనా దర్శించాల్సిన తీర్థం. శత్రుంజయం, గిర్నార్, ఆబూ పేర్లు చెప్పిన నోటితోనే వాళ్లు ఈ పేరూ చెబుతారు. మనలో చాలామందికి మాత్రం యాదగిరిగుట్ట నుంచి తిరిగొచ్చేటప్పుడు వీలుంటే చూసే గుడి ఇది. వాళ్ల యాత్రకూ మన వీలుకూ మధ్య వెయ్యేళ్ల చరిత్ర మరుగున పడి ఉంది. దాన్ని మనవైపు నుంచి ఒకసారి వెనుదిరిగి చూడాలి. ఎందుకంటే ఈ తీర్థానికి తొలినాటి భక్తులు ఈ నేలవాళ్లే.

ఈ ప్రాంతంలో జైనం ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలియాలంటే కొలనుపాకకు ముందు మరికొన్ని ఊళ్లు తిరగాలి. దిగంబరులు మహావీరుడి తర్వాత అంతటివాడిగా తలచే కుందకుందాచార్యుడి ఊరు అనంతపురం జిల్లా కొనకొండ్ల అని సంప్రదాయం చెబుతుంది. తూర్పు చాళుక్య రాజ్యాన్ని నిలబెట్టిన కుబ్జ విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని నడుంబి బసదికి, అంటే జైన ఆలయానికి, ముషినికొండ గ్రామాన్ని ఇచ్చింది. ఇది ఏడో శతాబ్దం మాట. పదో శతాబ్దంలో అదే వంశానికి చెందిన రెండవ అమ్మరాజు జినాలయాలకు రాయించిన దానపత్రాలు రాగిరేకుల మీద ఇప్పటికీ ఉన్నాయి. కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న దానవులపాడులో ఇసుక దిబ్బను తవ్వితే పార్శ్వనాథుడి బసది బయటపడింది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుడు శాంతినాథుడి అభిషేకం కోసం చేయించిన స్నానపీఠం అక్కడే దొరికింది. యుద్ధాల్లో పేరు మోసిన శ్రీవిజయుడనే దండనాయకుడు ఆ పెన్న ఒడ్డునే సల్లేఖన వ్రతం పట్టి, అన్నపానాలు మాని ప్రాణం విడిచాడని మరో శాసనం చెబుతుంది. కత్తి పట్టిన చేతులు చివరికి అన్నాన్ని కూడా వదులుకున్నాయంటే, ఈ మతం రాజాస్థానపు అలంకారంగా ఆగిపోలేదనీ మనుషుల బతుకుల్లోకీ చావుల్లోకీ వెళ్లిందనీ అర్థం.

తెలంగాణ వైపు వస్తే జైనం వెనక పెద్ద ఆసరా వేములవాడ చాళుక్యులు. రెండవ అరికేసరి కొలువులో ఉన్న పంపకవి 941లో ఆదిపురాణం రాశాడు. కన్నడ సాహిత్యానికి ఆదికవి అయిన పంపడి పూర్వికుల ఊరు గుంటూరు సీమలోని వంగిపర్రు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద తీర్థంకరుల రూపాలనూ చక్రేశ్వరినీ చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. త్రిభువనతిలకమనే బసది కట్టించాడు. అన్న బిరుదు మీదుగా కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించాడు. మదనవిలాసమనే తోట వేయించాడు. ఆ శాసనంలోని తెలుగు కంద పద్యాలు నన్నయకు వందేళ్ల ముందువి. తెలుగుకు ప్రాచీన హోదా కోసం వాదించినప్పుడు మన పండితులు చూపిన ఆధారాల్లో ఆ రాయి ముఖ్యమైనది. అంటే మన పద్యం ముందుగా కనబడే చోట్లలో ఒకటి జైనుల గుట్ట. తెలుగు చదువుకున్న ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలిసి ఉండాలని నా కోరిక. వేములవాడ రాజులే 966లో సోమదేవసూరి అనే మహాపండితుడి కోసం అక్కడి శుభధామ జినాలయానికి ఒక ఊరిని దానమిచ్చారు. యశస్తిలక చంపువు రాసిన సోమదేవుడు ఆయనే.

పంపడి ఆదిపురాణం ఎవరి కథ? మొదటి తీర్థంకరుడైన ఋషభదేవుడిది, ఆయన కొడుకులైన భరతుడిదీ బాహుబలిదీ. కొలనుపాక మూలవిరాట్టు ఆ ఋషభదేవుడే. ఆదినాథుడన్నా ఆయనే, ఇక్కడి వాడుకలో మాణిక్యదేవుడన్నా ఆయనే. జైన పురాణాల్లో బాహుబలి ఏలిన పోదనపురం నిజామాబాద్ జిల్లా బోధన్ అని చాలామంది పండితుల అభిప్రాయం. అక్కడ భరతుడు తమ్ముడికి మహావిగ్రహం నిలిపాడన్న కథ వినే చావుండరాయుడు శ్రవణబెళగొళలో 57 అడుగుల గొమ్మటేశ్వరుణ్ణి చెక్కించాడంటారు. కొలనుపాక కథలోనూ భరతుడే ఉన్నాడు. ఈ మాణిక్యమూర్తిని చేయించింది ఆయనేనని తీర్థపురాణం. అన్నదమ్ముల్లో ఒకరి జ్ఞాపకం బోధన్‌కు, రెండోవారిది కొలనుపాకకు దక్కాయి. తెలంగాణ పటం మీద ఆ రెండు ఊళ్లనూ కలిపి చూస్తే పంపడి కావ్యం ఈ మట్టిలోంచే మొలిచిందనిపిస్తుంది.

తీర్థపురాణాన్ని మనకు వివరంగా అందించినవాడు జినప్రభసూరి. 14వ శతాబ్దంలో ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ ఆదరణ పొందిన శ్వేతాంబర ఆచార్యుడాయన. దేశంలోని జైన క్షేత్రాల గురించి రాసిన వివిధతీర్థకల్పంలో కొలనుపాకకు ఒక ప్రకరణం కేటాయించాడు. భరతుడు చేయించిన విగ్రహాన్ని విద్యాధరులు కొలిచారు. స్వర్గంలో ఇంద్రుడు కొలిచాడు. లంకలో మండోదరి నిత్యం అర్చించింది. లంక పతనమయ్యాక మూర్తి సముద్రగర్భం చేరింది. యుగాలు గడిచాక కల్యాణ నగరాన్ని ఏలే శంకరరాజు రాజ్యంలో మహమ్మారి పుట్టింది. ఈ మూర్తిని తెస్తే తెగులు పోతుందని పద్మావతీదేవి చెప్పింది. రాజు సముద్రుణ్ణి మెప్పించి విగ్రహాన్ని బండి మీద తెస్తున్నాడు. వెనుదిరిగి చూడకూడదన్నది షరతు. వస్తోందో లేదోనని అనుమానపడి చూశాడు. చూసిన చోటే దేవుడు ఆగిపోయాడు. ఆ చోటే కొలనుపాక. రాజు అక్కడే గుడి కట్టి 12 గ్రామాలు రాసిచ్చాడు.

తిరిగి చూస్తే దేవుడు ఆగిపోవడమనే కథ మన ఊళ్లలో చాలా గుళ్లకు ఉంది. అందుకే ఇది నాకు విలువైనదిగా తోస్తుంది. శ్వేతాంబర ముని చెవికి చేరక ముందు ఈ కథను ఇక్కడి నోళ్లే చెప్పుకుని ఉంటాయి. కల్యాణాన్ని తలచుకోవడంలోనూ చరిత్ర వాసన ఉంది. ఎందుకంటే కొలనుపాక వైభవమంతా కల్యాణి చాళుక్యుల కాలానిదే.

వాళ్ల రోజుల్లో ఈ ఊరి పేరు కొల్లిపాక. ఏడువేల నాడుకు ఇది కేంద్రం. రాజకుమారులు ఇక్కడుండి పాలించేవారు. ఎంత ముఖ్యమైన పట్టణమంటే, రాజేంద్ర చోళుడి తమిళ ప్రశస్తి ఆయన గెలిచిన చోట్లను వరసగా చెబుతూ వనవాసి తర్వాత కొల్లిప్పాక్కై కోటను ప్రత్యేకంగా పేర్కొంది. 1125 నాటి శాసనమొకటి ఆరవ విక్రమాదిత్యుడి ఏలుబడిలో కుమార సోమేశ్వరుడు ఇక్కడి అంబికా బసదికి ఒక గ్రామాన్ని ఇచ్చాడని చెబుతుంది. తర్వాత చక్రవర్తి అయి మానసోల్లాసం రాసిన సోమేశ్వరుడు ఆయనే. వంట, వైద్యం, సంగీతం, ఏనుగుల పెంపకం దాకా విషయాలున్న ఆ విజ్ఞానకోశపు కర్త రాజకుమారుడిగా కొలనుపాక వీధుల్లో తిరిగి ఉంటాడు.

అంబిక అంటే నేమినాథుడి శాసనదేవత. ఒడిలో బిడ్డతో, చేతిలో మామిడి గుత్తితో కనిపించే తల్లి. జైన గుళ్లో ఆమెకెందుకు అంత చోటన్నది తెలిస్తే ఈ మతపు ఆరాధన అర్థమవుతుంది. తీర్థంకరుడు వీతరాగి. ఆయనకు ఇష్టం లేదు, కోపం లేదు. మొక్కుకుంటే కరుణించడు, మరిస్తే శిక్షించడు. సంసారాన్ని దాటి వెళ్లిపోయినవాడు మన కోరికల కోసం తిరిగి చూడడు. ఆయన ముందు నిలబడేది అడగడానికి కాదు, ఆయన గుణాలను తలచుకుని తాను కూడా ఆ దారిలో ఒక అడుగు వేయడానికి. కానీ గృహస్థుకు పిల్లల జ్వరాలుంటాయి, పంటల బెంగలుంటాయి. వాటిని వినడానికి యక్షులూ యక్షిణులూ ఉన్నారు. అంబిక, పద్మావతి, చక్రేశ్వరి ఆ తల్లులే. ఈ ఏర్పాటులో మనిషి బలహీనత మీద ఉన్న దయ నాకు కనిపిస్తుంది. మోక్షమార్గాన్ని ఒక్క పిసరు కూడా సడలించకుండానే, ఈ మతం ఏడ్చేవాడికి ఒడి ఒకటి చూపించింది.

జైన ఆలయ వాస్తు ఈ ఆలోచన మీదే నిలిచింది. జినుడికి కేవలజ్ఞానం కలిగినప్పుడు దేవతలు సమవసరణమనే సభామండపం కట్టారనీ, ఆయన మధ్యలో కూర్చుంటే నాలుగు వైపులా ఆయన ముఖమే కనిపించిందనీ, మనుషులూ దేవతలూ జంతువులూ వైరం మరచి విన్నారనీ జైనుల విశ్వాసం. ప్రతి జినాలయం ఆ సభకు నమూనా. నాలుగు దిక్కులకూ తిరిగిన చౌముఖ విగ్రహాలు, గుడి ముందు నిలిపే మానస్తంభం, మండపం తర్వాత మండపంగా లోపలికి సాగే నడక, అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. మానస్తంభాన్ని చూడగానే లోపలికి వెళ్లేవాడి గర్వం కరిగిపోవాలని వాళ్ల భావన. విగ్రహాలకు రెండే భంగిమలు. ఒకటి పద్మాసనం, రెండోది చేతులు శరీరానికి తగలకుండా నిటారుగా నిలిచే కాయోత్సర్గం. 24 మంది తీర్థంకరుల ముఖాల్లో తేడా ఉండదు. పీఠం మీది లాంఛనాన్ని చూసి గుర్తుపట్టాలి. ఎద్దు ఉంటే ఋషభుడు, శంఖం ఉంటే నేమినాథుడు, సింహం ఉంటే మహావీరుడు. పార్శ్వనాథుణ్ణి తల మీది పాము పడగలే పట్టిస్తాయి. అంతా దాటాక మనిషికీ మనిషికీ తేడా ఉండదన్న సిద్ధాంతాన్ని శిల్పి ఇలా రాతిలో పాటించాడు.

1031లో విమలషా ఆబూ కొండ మీద చలువరాతితో ఆలయం కట్టించే నాటికి మన దగ్గర జినాలయాలు నల్లరాతిలోనూ ఇటుకలోనూ వెలిశాయి. జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లి గొల్లత్తగుడి పూర్తిగా ఇటుక కట్టడం. ఆకాశం కింద ఒంటరిగా నిలిచిన ఆ శిఖరాన్ని చూస్తే చలువరాతి పనితనమే జైన వాస్తు అన్న అపోహ పోతుంది. కొలనుపాక చాళుక్యుల నాటి బసదులు నునుపు తేలిన నల్లరాతి స్తంభాల పద్ధతివి. వాటి ముక్కలు ఆ ఊరి సోమేశ్వరాలయ ప్రాంగణంలోని పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ శివ విగ్రహాలూ జిన విగ్రహాలూ పక్కపక్కనే వరసలో నిలబడి ఉంటాయి.

ఆ పక్కపక్కన నిలబడడం వెనక ఒక కష్టకాలం ఉంది. దాన్ని దాటేయడం న్యాయం కాదు. వీరశైవులకు కూడా కొల్లిపాక పుణ్యక్షేత్రమే. పంచాచార్యుల్లో ఒకరైన రేణుకాచార్యుడు ఇక్కడి సోమేశ్వర లింగం నుంచే ఉద్భవించాడని వాళ్ల నమ్మకం. 12వ శతాబ్దంలో శివభక్తి ఉద్యమం లేచాక వర్తకులూ చేతివృత్తులవాళ్లూ పెద్ద ఎత్తున అటు కదిలారు. వాళ్ల కానుకలతో నిలిచిన బసదులకు ఆసరా పోయింది. కల్యాణి సింహాసనం కూలడంతో రాజాదరణా పోయింది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో జైనుల మీద కనిపించే తీవ్రత ఆనాటి గాలికి సాక్ష్యం. శ్రీశైలంలో 1512 నాటి శాసనం శ్వేతాంబర జైనుల తలలు నరకడాన్ని ఒక నాయకుడి ఘనకార్యంగా చెప్పుకుంది. కులాల గోడలు బద్దలుకొట్టిన శివభక్తులను నేను గౌరవిస్తాను. ఆ శాసనం ముందు మాత్రం తల దించుకోవలసిందే.

అన్నిచోట్లా కత్తితోనే మార్పు రాలేదు. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద 1117లో కాకతీయ రెండవ ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ కడలాలయ బసది కట్టించింది. జైనం తగ్గాక ఆ కొండను అమ్మవారు ఏలుతోంది. తీర్థంకరుల రూపాలు ఆ బండ మీద ఇంకా ఉన్నాయి. ఏటా సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ ఆడబిడ్డలు ఆ గుట్ట కింద చేరి ఆడతారు. తొమ్మిది వందల ఏళ్ల కింద ఒక ఇల్లాలు కట్టించిన బసది నీడలో వాళ్ల పాట సాగుతుంది. మైలమ పేరు ఆ పాటల్లో లేకపోవడమే వెలితి.

కొలనుపాక మాత్రం మరో దారి పట్టింది. తెలుగు, కన్నడ జైనులు పలచబడ్డారు. తీర్థం పేరు చెరగలేదు. దాన్ని కాపాడినవాళ్లు దూరదేశపు శ్వేతాంబరులు. జినప్రభసూరి రాతతో పశ్చిమ భారతంలో క్షేత్రం పేరు నిలిచిపోయింది. సంఘాలు కట్టుకుని నెలల తరబడి నడిచి యాత్రికులు వచ్చారు. 18వ శతాబ్దపు తొలినాళ్లలో, మొఘల్ చక్రవర్తి బహదూర్‌షా కాలంలో, శ్వేతాంబర ముని కేసరకుశలుడు జీర్ణోద్ధరణ చేయించాడు. నవాబు యూసుఫ్ ఖాన్ ఆయనకు తోడ్పడ్డాడని ఆలయ శాసనం. ఆ రోజులు ఎలాంటివో గుర్తు చేసుకోవాలి. సర్వాయి పాపన్న ఈ చుట్టుపక్కలే మొఘలులను ఎదిరించాడు. అతని మీదికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లలో కొలనుపాక ఫౌజుదారు ఒకడు. దేశమంతా కల్లోలంగా ఉన్నప్పుడు, మహమ్మదీయ అధికారి సాయంతో ఒక జైన ముని ఈ గుడిని మళ్లీ నిలబెట్టాడు. మన దక్కన్ చరిత్రను రెండు రంగుల్లో గీసేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి.

నిజాం కాలంలో హైదరాబాద్‌లో స్థిరపడ్డ మార్వాడీ, గుజరాతీ కుటుంబాలకు ఈ గుడి ఇంటి దేవుడి గుడి అయింది. గత శతాబ్దపు జీర్ణోద్ధరణలో రాజస్థాన్, గుజరాత్ శిల్పులు వచ్చి పనిచేశారు. ఎర్ర ఇసుకరాయి, తెల్ల చలువరాయి అమర్చారు. ఇప్పుడు మనం చూసే తోరణాలూ, గుమ్మటాల లోపలి పద్మాలూ చాలావరకు ఆ చేతుల పనే. గర్భాలయంలో ఆదినాథుడు, ఆయనకు అటూ ఇటూ నేమినాథుడు, మహావీరుడు. 130 సెంటీమీటర్ల ఎత్తున్న మహావీరుడి మూర్తిని ఒకే పచ్చరాతిలో చెక్కారంటారు. పశ్చిమ భారత పద్ధతి ఇంత సంపూర్ణంగా తెలంగాణలో మరెక్కడా నేను చూడలేదు. పని గొప్పదే. కానీ చాళుక్యుల నాటి రాయి చలువరాతి వెనక్కి వెళ్లిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. పాత గోడను పాతగానే చూపించే చోటు ఒకటైనా గుడి లోపల ఉండి ఉంటే బాగుండేది. అయితే, ఆ భక్తులే లేకపోతే కొలనుపాక కూడా దానవులపాడులా దిబ్బ అయ్యేది. అందుకే నా బాధ కన్నా వాళ్లకు మనం పడ్డ రుణం పెద్దది.

ఉదయం పూట వెళ్తే పూజ చూడవచ్చు. స్నానం చేసి, కుట్టని పూజావస్త్రాలు కట్టుకుని, తమ శ్వాస విగ్రహానికి తగలకుండా మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని వస్తారు. మూర్తికి చందనంతో తొమ్మిది అంగాల్లో అర్చన చేస్తారు. శ్వేతాంబరుల విగ్రహానికి కళ్లు పొదుగుతారు, అలంకారాలు పెడతారు. దిగంబరుల మూర్తి ఏ ఆభరణమూ లేకుండా అరమోడ్పు కన్నులతో ఉంటుంది. అంగపూజ అయ్యాక పీట మీద బియ్యంతో స్వస్తికం దిద్దుతారు. దాని నాలుగు చేతులు దేవ, మనుష్య, తిర్యక్, నరక గతులు. పైన మూడు చుక్కలు సమ్యక్ దర్శనం, జ్ఞానం, చారిత్రం. ఆ పైన నెలవంక సిద్ధశిల, అంటే ముక్తులుండే చోటు. పుట్టుక నుంచి మోక్షం దాకా ఉన్న దారి మొత్తం ఆ గుప్పెడు బియ్యంలో ఉంది. చివరిది భావపూజ. అక్కడ పూవూ లేదు, గంధమూ లేదు. కూర్చుని తలచుకోవడమే. అంత కళ్లు చెదిరే గుడి కట్టి, అందులో అన్నింటికన్నా గొప్ప పూజ చేతిలో ఏమీ లేకుండా చేసేదేనని చెప్పిన మతం ఇది.

చైత్రంలో ఉత్సవాలప్పుడు దేశం నలుమూలల నుంచి భక్తులు వస్తారు. వాళ్లతో పాటు తెలుగువాళ్లం కూడా ఈ గుడికి వారసులుగా వెళ్లాలి. వెళ్లినప్పుడు జినాలయం చూసి వెనక్కి రాకండి. సోమేశ్వరాలయానికీ మ్యూజియానికీ పిల్లల్ని తీసుకెళ్లి, తలలు పోయిన ఆ నల్లరాతి తీర్థంకరులను చూపించండి. కురిక్యాల గుట్ట ఎక్కి జినవల్లభుడి పద్యాలున్న రాయిని చూపించండి. మన బడి పుస్తకాల్లో శాతవాహనుల బౌద్ధానికి దొరికిన చోటులో సగమైనా వేములవాడ, కొలనుపాక జైనానికి దొరకాలి. మీ ఊరి చెరువుకట్ట మీదో పాటిదిబ్బ మీదో చేతులు కిందికి వదిలి నిటారుగా నిలిచిన రాతి మనిషి ఉంటే, దాని మీద సున్నం పూయనీయకండి, రంగు వేయనీయకండి, గునపంతో కదిలించనీయకండి. ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి.